కొలతల వార్తకు సవరణ

దినపత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో నాకొక పట్టుదల ఉండేది. వార్తలో ఎవరైనా ఏదైనా అన్నారంటే వాళ్ల పేరు, వయసు, ఊరు ఉండి తీరాలి. "గ్రామస్థులు వాపోతున్నారు" అని ఏ కంట్రిబ్యూటరైనా రాసి పంపితే ఫోన్ చేసి, వాపోయినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమనేవాణ్ణి. చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేసేవాణ్ణి. వెనకాల తిట్టుకునేవారని తెలుసు. నేను మాత్రం అదే నిజాయితీ అనుకున్నాను. రిటైరయ్యాక నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల పిల్లలకు పత్రిక నడపడం నేర్పడానికి వెళ్లినప్పుడు ఆ పట్టుదలనూ వెంట తీసుకెళ్లాను. అక్కడ ఊరు, ఇక్కడ బస్తీ, అంతే తేడా. మొదటి శనివారం బోర్డు మీద నేను రాసింది మూడు మాటలే: పేరు, వయసు, బస్తీ.

పిల్లలు పన్నెండుమంది. శనివారం మధ్యాహ్నం సైన్సు ల్యాబు మాకిచ్చేవారు. నెలకొకసారి నాలుగు పేజీలు. ఆబిడ్స్‌లో ఒక సందులో పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు చేసే డీటీపీ షాపు ఉంది. అక్కడ పేజీలు పెట్టించి, పక్కనే జిరాక్స్ తీయించి, తెచ్చి బడిలో పంచేవాళ్లం. పత్రిక పేరు పిల్లలు చేతులెత్తి ఓటేసి పెట్టుకున్నారు. హెచ్‌ఎం మేడం మొదటి పేజీలో సూక్తులు ఉంటే బాగుంటుందన్నారు. సూక్తులు, కవితలు ఉండవని, మనుషులను కలిసి అడిగి రాసినవే ఉంటాయని చెప్పాను. ఆవిడ నవ్వి, అచ్చు కాకముందు ఒకసారి తనకు చూపించమని మాత్రం అడిగారు. అది న్యాయమైన కోరికే. ఒప్పుకున్నాను.

మొదటి రెండు నెలలు సరదాగా నడిచాయి. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ దుకాణాల మీద రాయడానికి ఏడో తరగతి పిల్లవాడొకడు వెళ్లి, ముందుగా ఓనరు వయసు అడిగాడు.

"ఏంది బేటా, సంబంధం చూస్తున్నవా?" అన్నాడట ఆయన.

"కాదంకుల్, వయసు లేకుంటే మా సారు మిమ్మల్ని కొట్టేస్తడు."

ఆ సంగతి వాడు చెప్పినప్పుడు ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా పాఠం వాళ్లకు ఎక్కిందని గర్వంగానే ఉండింది.

మూడో నెలలో జరిగినదాని గురించే ఇదంతా రాస్తున్నాను.

ఒక అమ్మాయి, ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న బేగంబజార్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ షాపులో గుమాస్తా. తక్కువ మాట్లాడేది. మిగతావాళ్లు రాసుకొచ్చింది చదవడానికి ఎగబడుతుంటే ఈమె కాగితం మడిచి పట్టుకుని అందరి తర్వాత వచ్చేది. ఆ శనివారం మాత్రం అందరికంటే ముందు వచ్చి నా బల్ల ఎదురుగా నిలబడింది. కుర్తా మోకాళ్లకు పైనే ఆగిపోయింది. ప్యాంటు చీలమండలకు బెత్తెడు పైన ఉంది.

"పాత యూనిఫాం వేసుకొచ్చావా?"

"కొత్తది సార్. నిన్ననే ఇచ్చిన్రు. మా క్లాసుల అందరివి గిట్లనే ఉన్నయి."

బట్ట పైనుంచి వస్తుంది, బయట కుట్టించి ఇస్తారు, కొలతలు బడి పంపాలి. ఇది నాకు తెలుసు. కుట్టినవాళ్లు తప్పు చేసి ఉంటారన్నాను.

"లేదు సార్. నిరుడిదాని మీద గిది పరిచి చూసిన. రెండూ ఒక్కటే ఉన్నయి, ఒక్క ఇంచు ఫరక్ లేదు. మా దోస్తులవి కూడా చూసిన." కుర్తా అంచు కిందికి లాక్కుంటూ అంది, "ఈ ఏడాది కొలతలు తీసినట్టు ఎవ్వరికి యాది లేదు సార్."

డెస్కులో ఎన్నో ఏళ్లు ఇలాంటి వార్త కోసం ఎదురుచూశాను. పెద్దవాళ్లు పంపేవాటిలో ఆరోపణ ఉండేది, ఆధారం ఉండేది కాదు. ఈ పిల్ల రెండు కుర్తాలు నేల మీద పరిచి చూసుకుని వచ్చింది. తెలిసినవాళ్లెవరో వెతికి అడగమన్నాను. ఎవరిని అడగాలో ఆమెకు అప్పటికే తెలుసు.

బడిలో ఒక ఆయమ్మ ఉండేది. గంట కొట్టడం, గదులు ఊడవడం, స్టాఫ్‌రూముకు చాయ్ అందించడం ఆమె పని. భోజనాల వేళ మెట్ల కింది గదిలో కూర్చుని ఆడపిల్లల చిరిగిన బట్టలు కుట్టిపెట్టేది. పొట్టివైన ప్యాంట్ల మడతలు విప్పి పొడుగు చేసేది. అది ఆమె పని కాదు, పిల్లలు అడిగితే చేసేది. ఉద్యోగం పక్కాది కాదు. ఏటేటా హెచ్‌ఎం రాసి పంపితే పొడిగిస్తారు. ఇల్లు ఆమె ఒక్కదాని సంపాదన మీదే నడుస్తుందని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి రాసుకొచ్చిన వార్తలో ఒక వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది. "కొలతలు ఎవ్వరు తీయలే బిడ్డా. నిరుడు పంపిన కాగితమే మల్ల పంపిన్రు. నేనే పోయి జిరాక్స్ తీసుకొచ్చిన," అని ఆయమ్మ చెప్పారు. ఆ తర్వాత బ్రాకెట్లలో పేరు, వయసు, బస్తీ.

"మళ్లీ వెళ్లి అడుగు. అదే చెబితేనే వేద్దాం" అన్నాను. వెళ్లి వచ్చింది. ఆయమ్మ అదే చెప్పిందట.

"పత్రికలో వస్తుందని ఆమెకు తెలుసా?"

"తెల్సు సార్. ఫొటో గూడ ఎయ్యిన్రి అన్నది."

అప్పుడు నవ్వాను. అడగాల్సింది అది కాదు. ఈ నాలుగు కాగితాలు బడి గోడ దాటి ఎక్కడిదాకా పోతాయో ఆమెకు తెలుసా అని అడగాలి. ఆమెకు తెలియదు. తన పేరు పిల్లలు చదువుకుంటారని, మెట్ల కింది గదికి వచ్చి చూపిస్తారని అనుకుంది. పదమూడేళ్ల పిల్లకూ తెలియదు. నాకు తెలుసు. ఆ జాగ్రత్త తీసుకోవడానికే అక్కడ ఒక పెద్దవాడు ఉండటం.

ఆ వారం హెచ్‌ఎం మేడం ట్రైనింగులో ఉన్నారు. పేజీలు చూడటం కుదురుతుందా అని ఫోన్ చేశాను.

"మీరున్నారు కదండీ, నేను చూడటమెందుకు. మన పిల్లల డ్యాన్సు పోటీ ఫొటో మాత్రం మర్చిపోకండి."

డ్యాన్సు ఫొటో మొదటి పేజీలో వేశాం. కొలతల వార్త మూడో పేజీలో వేశాం. దానికి హెడింగు నేనే పెట్టాను: "పిల్లలు పెరిగారు, కొలతలు పెరగలేదు". పెట్టి, బాగుందని అనుకున్నాను.

సోమవారం పంచాం. ఒక పిల్ల తండ్రి మూడో పేజీని ఫోనుతో ఫొటో తీసి తన వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బుధవారానికి పై ఆఫీసు నుంచి బడికి ఫోన్ వచ్చింది. గురువారం ఆయమ్మను రేపటి నుంచి రావద్దన్నారు. శుక్రవారం బడి గంట ఒక టెన్త్ పిల్లవాడు కొట్టాడు.

నేను శనివారం వెళ్లేసరికి మేడం తన గదిలో ఒక్కరే ఉన్నారు. కోప్పడతారనుకున్నాను. కుర్చీ చూపించి, తలుపు దగ్గరగా వేశారు.

"అందులో రాసింది నిజమేనండి. మీతో దాపరికం ఏముంది. కొలతలు తీయాల్సిన పీఈటీ సారు సర్వే డ్యూటీలో ఉన్నాడు. ఆఖరి రోజు వచ్చేసింది. నిరుడు కాగితం మీద తరగతి మార్చి పంపించాను. పిల్లలు పెరుగుతారని నాకు తెలియక కాదు."

ఆవిడే మళ్లీ మొదలుపెట్టారు.

"నన్ను సంజాయిషీ అడిగారు. అది నేను పడతాను. ఆఫీసు కాగితం ఆయా చేతికెందుకు వెళ్లింది, బయటికెందుకు చెప్పింది అని అడిగారు. ఆమెను పక్కన పెట్టమన్నారు. వారంలో జవాబివ్వాలి. ఆయమ్మ అలా అనలేదని మీ పత్రికలో సవరణ వేస్తే, ఆ కాగితం జతచేసి రాసేస్తాను. దీన్ని సాగదీయాలని వాళ్లకు కూడా లేదండి. ఒక కాగితం చాలు."

"ఆమె పేరు వేయడం మా తప్పని రాస్తాను."

"అది సరిపోదు. అనలేదు అని ఉండాలి."

ఆ మధ్యాహ్నం ల్యాబులో పిల్లలంతా ఉన్నారు గానీ ఎవరూ బల్లల మీదికెక్కి గోల చేయలేదు. ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచి మేడం అడిగినది చెప్పాను. మొత్తం విన్నది.

"తప్పు ఉంటేనే సవరణ అని మీరే చెప్పిన్రు గద సార్."

"చెప్పాను."

"మరి తప్పేంది?"

ఆయమ్మ ఉద్యోగం పోతుంది అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె వరండా కమ్మీ పట్టుకుని కిందికి, మెట్ల గది వైపు చూసింది. తర్వాత "నేను రాయ సార్" అంది. లోపలికి పోయి సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఆ రెండు రోజులు నేను ఏ పనీ సరిగా చేయలేదు. డెస్కు మనిషికి వచ్చిన విద్యంతా బయటికి తీశాను. "ఆయమ్మ వ్యాఖ్యలు వేరే అర్థంలో" అని ఒకటి రాశాను. "ఆయమ్మ వివరణ ప్రకారం" అని ఇంకొకటి. అబద్ధం చెప్పకుండా అబద్ధం చెప్పే వాక్యాలు ఎలా కట్టాలో నాకు బాగా తెలుసు. పత్రికలో ఉన్నప్పుడు అలాంటివి కట్టి ఇచ్చాను. నిజమని తెలిసిన వార్తలకు, పెద్దవాళ్ల ఫోన్లు వచ్చాక, సాయంత్రం ఎడిషన్ మూసేలోపు సవరణలు రాశాను. అప్పుడు నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ జరగలేదు. ఇంటికెళ్లి భోంచేసేవాణ్ణి. ఇప్పుడు ఒక ఆయా ఉద్యోగం నిలబెట్టే అబద్ధానికి చేయి ఆడలేదు. ఇది నా మనసు మంచిదని చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ పిల్ల చూస్తోంది కాబట్టి చేయి ఆడలేదు. పాత రోజుల్లో ఎవరూ చూడలేదు.

మంగళవారం సాయంత్రం డీటీపీ షాపుకు వెళ్లాను. బడి అయ్యాక ఆ అమ్మాయిని కూడా రమ్మన్నాను. ఆమెకు చెప్పకుండా ఏదీ వేయకూడదని అనుకున్నాను. సంగతి విన్న ఆపరేటరు స్క్రీన్ మీద ఎవరిదో పెళ్లి కార్డు పక్కకు జరిపి నా వైపు తిరిగాడు.

"గింత ఫికరెందుకు సార్? మనం వేసేటివన్ని నిజాలేనా? సకుటుంబంగ రావాలె అని ప్రతి కార్డు మీద వేస్తం. అందరొస్తే భోజనాలు సరిపోతయా?"

అంతలో ఆయమ్మ లోపలికి వచ్చింది. మేడం చెబితే వచ్చిందో, తనంత తానే వచ్చిందో నేను అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ముందు ఆ అమ్మాయి తల నిమిరింది.

"ఏం బిడ్డా, నా పేరు మంచిగనే వేసిన్రు. వయసే జర ఎక్కువ వేసిన్రు."

"నువ్వు చెప్పిందే వేసిన ఆయమ్మా."

"ఔ, నేనే చెప్పిన." స్టూలు మీద కూర్చుంది. "సారూ, నేను అనలే అని వేయిన్రి."

"మీరు అన్నారు కదమ్మా."

"అన్న. నా నోరు నాది. అన్నది నేనే, అనలే అంటున్నది నేనే. నడుమల మీకేంది కష్టం?"

ఆ అమ్మాయి తల దించుకునే అడిగింది. "రెండుసార్లు వచ్చి అడిగిన గద ఆయమ్మా."

"రెండుసార్లు చెప్పిన బిడ్డా. ఇది మూడోసారి. గిది గూడ రాస్కో."

ఆపరేటరు నవ్వబోయి ఆగిపోయాడు. ఆయమ్మ స్టూలు మీద ముందుకు జరిగింది. బస్తీలో పక్కింటామెకు కూడా ఇంకా చెప్పలేదని, పొద్దున్నే ఎప్పటిలాగే బయల్దేరి నాంపల్లి స్టేషన్ దాకా వచ్చి అక్కడ బెంచీ మీద కూర్చుని, బడి వదిలే వేళకు ఇంటికి పోతున్నానని చెప్పింది. శుక్రవారం నుంచి ఇదే పని. నలుగురిలో ఆ మాట అన్నందుకు సిగ్గుపడినట్టు లేచి నిలబడింది.

"మీరు పెద్దోళ్లు, మీకు తెల్సు. నాకు గంట కొట్టుడు వస్తది. గది ఇప్పియ్యిన్రి."

ఆమె వెళ్లాక ఆ అమ్మాయి ఆపరేటరు పక్కకు వెళ్లి నిలబడింది. "రాయిన్రి అన్నా" అంది. తడుముకోకుండా చెప్పింది: "గత సంచికలో యూనిఫాం కొలతల వార్తలో ఆయమ్మ చెప్పినట్టు ప్రచురించిన మాటలు ఆమె అనలేదు. పొరపాటుకు చింతిస్తున్నాం." రెండు వాక్యాలు, ఒక్క మాట ఎక్కువ లేదు. నేను రెండు రోజులు తిప్పలు పడ్డదాన్ని ఆమె నిలబడి చెప్పేసింది. నేర్పింది నేనే. కింద తన పేరు పెట్టమంది.

"వద్దు. ఎడిటర్ అని నా పేరు పెట్టండి" అన్నాను.

"వార్త మీద నా పేరే ఉంది గద సార్."

"సవరణ ఎడిటరే ఇస్తాడు. రూలు."

అలాంటి రూలేమీ లేదు. ఆమె నమ్మిందో లేదో. నా పేరే వెళ్లింది. ఒక్క కాగితం మీద సవరణ ఒక్కటే వేయించి, బుధవారం బడిలో పంచి, ఒకటి మేడం చేతిలో పెట్టాను. మరుసటి సోమవారం ఆయమ్మ మళ్లీ గంట కొట్టింది. ఆ నెలలోనే మేడం టేపు తెప్పించి, పీఈటీని నిలబెట్టి, బడిలో అందరికీ కొలతలు తీయించారు. అది మేము రాయలేదు. రాస్తే అంతకుముందు తీయలేదని ఒప్పుకున్నట్టవుతుంది.

ఆయమ్మ సంగతి సర్దుకుందని నేను ఊపిరి పీల్చుకున్న వారమే, ఆ అమ్మాయి గురించి పిల్లలు ఏమంటున్నారో తెలిసింది. ఎడిటర్ పేరు ఎవరికి కావాలి? వార్త ఎవరు రాశారో బడంతా చూసింది, ఆయమ్మ అనలేదని కూడా చూసింది. రెండూ కలిపి చూసుకుంటే తేలేది ఒకటే: ఆ పిల్ల కల్పించి రాసింది. క్లాసులో ఎవరైనా గొప్పలకు పోతే "ఏందిరా, గిది గూడ ఆయమ్మ చెప్పిందా?" అంటున్నారట. ఆ మాట మా పన్నెండుమందిలో ఒకడే నాతో చెప్పాడు, నవ్వుతూనే. ఆమె రెండు శనివారాలు రాలేదు.

ఆ తర్వాత వచ్చింది నెలలో రెండో శనివారం, బడికి సెలవు. ఆ రోజు బేగంబజార్ వెళ్లాను. వాళ్ల నాన్నకు నిజం చెప్పాలని వెళ్లాను. మిగతా లోకం ఏమనుకున్నా ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. షాపు పట్టుకోవడం కష్టం కాలేదు. ఎండుమిర్చి ఘాటుకు దగ్గుకుంటూ మెట్లెక్కాను. ఆయన చిట్టీలు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయనకు టిఫిన్ డబ్బా తెచ్చిన ఆ అమ్మాయి అక్కడే బస్తాల దగ్గర ఉంది. నన్ను చూసి కదల్లేదు.

"రాన్రి సార్, కూసోన్రి. నేనే వద్దామనుకున్న. మొకం చెల్లలే." చాయ్‌కి చెప్పి, నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "పొల్ల తప్పు చేసింది. మీరు గింత మంచిగ నేర్పిస్తుంటే, ఒకరు అనని మాట అన్నట్టు రాసిందట. బీదామె నౌకరి పోవాల్సింది. మా ఇంట్ల గిసొంటిది ఎన్నడు లేదు సార్."

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె ముఖంలో భయం కనిపించింది. తనకేమవుతుందోనన్న భయం కాదని తర్వాత ఆమె అన్న మాటతో తెలిసింది.

"తప్పు ఆమెది కాదండి" అన్నాను. "నాది."

"మీరు పెద్దమనుషులు, గట్లనే అంటరు." తల అడ్డంగా ఊపాడు. "పిల్లలను వెనకేసుకొస్తరు. ఏమే, సార్‌కు చెప్పు."

ఆమె ముందుకొచ్చి, "సారీ సార్" అంది. చాయ్ వచ్చింది. నేను మళ్లీ నోరు తెరిచేలోగా, గ్లాసు అందించే నెపంతో నాకు దగ్గరగా వంగి, ఆయనకు వినపడకుండా చెప్పింది.

"బాపుకు చెప్తే అమ్మకు చెప్తడు సార్. అమ్మ అందరికి చెప్తది. ఆయమ్మ నౌకరి పొడిగించే కాగితం ఇంకా పైనుంచి రాలే."

ఆయన మా ఇద్దరి వైపు చూస్తున్నాడు. నేను ఏమంటానోనని ఎదురుచూస్తున్నాడు. చాయ్ ఒక గుక్క తాగాను.

"పర్వాలేదండి" అన్నాను. "చిన్నపిల్ల. ఇక ముందు అలా రాయదులెండి."

ఆయన మొహం తేటపడింది. ఆ అమ్మాయి ఖాళీ గ్లాసు కోసం చేయి చాపి నిలబడింది. నేను త్వరత్వరగా తాగి ఇచ్చేశాను.